గుండుసూది పేజీలు

నాకు కుళ్ళు. దాచుకుని లాభం లేదు, మా ఆయన మొహం చూసే కనిపెట్టేస్తాడు. “ఏంటి, ఇవాళ పక్క సెక్షన్ బాగా నవ్విందా?” అంటాడు, నేను చెప్పులు విప్పకముందే.

పక్క సెక్షన్ కొత్త మాష్టారిది. మా తరగతులకు మధ్య ఉన్నది గోడ కూడా కాదు, ప్లైవుడ్ చెక్క. అటు తుమ్మితే ఇటు వినిపిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా పదో తరగతికి ఆ చిన్న నవల చెప్పింది నేనొక్కదాన్నే. పంటకోతల వెంట ఊరూరూ తిరిగే ఇద్దరు కూలీలు, వాళ్ళ స్నేహం, చివరికి ఇద్దరిలో ఒకడే మిగలడం. ఈ ఏడాది పిల్లలు ఎక్కువై తరగతిని రెండు చేశారు. నా నవల వినే పిల్లల్లో సగం మంది కొత్త మాష్టారి చేతికి పోయారు.

ఆ నవలకు నాదొక పద్ధతి ఉంది. పుస్తకాలు బడివి, ఏటా పంచి మళ్ళీ తీసుకుంటాం. పంచేముందు ప్రతి పుస్తకంలో చివరి పదకొండు పేజీలు కలిపి గుండుసూది గుచ్చుతాను. ముగింపు ముందే చదివితే ఇంకేముంది? చివరి పాఠం రోజున అందరం ఒకేసారి సూదులు తీస్తాం. నేను చదువుతాను. తరగతి కిక్కురుమనదు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఏడాదంతా గొంతు అరగదీసుకుంటాను.

కొత్త మాష్టారు ఈ పద్ధతి నా దగ్గరే నేర్చుకున్నాడు. నా సూదుల డబ్బానే పట్టుకెళ్ళాడు, వినయంగా. ఆ తర్వాత బెంచీలు పక్కకు జరిపి, పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టి, కూలీల బసలో కబుర్లు చెప్పుకున్నట్టు పాఠం మొదలుపెట్టాడు. చెక్క అవతల నవ్వులే నవ్వులు. ఒకరోజు నా క్లాసు పిల్లాడొకడు లేచి, “టీచర్, మనం కూడా కింద కూర్చుందామా?” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అది చాలదన్నట్టు హెడ్ మేడం ఇద్దర్నీ పిలిచారు. “వచ్చే ఏడు నవల ఒకరికే ఇస్తాను. రెండోవాళ్ళు వ్యాకరణం చూసుకోవాలి. మీ చివరి పాఠాలు రెండూ వెనక కూర్చుని వింటాను.”

ఇరవై రెండేళ్ళ తర్వాత నాకు వ్యాకరణమా?

కొత్త మాష్టారు తన చివరి పాఠానికి ముందురోజు పంటినొప్పి వచ్చి సెలవు పెట్టాడు. నన్ను ఆ సెక్షన్‌కు పంపారు. నేలమీద బాసింపట్లు వేసుకుని ముప్పై నాలుగు మొహాలు నన్ను చూశాయి. ఇంత బాగా వింటారా వీళ్ళు? నోరు దానంతటదే తెరుచుకుంది.

“చివరికి ఇద్దరిలో ఒకడే మిగులుతాడు. రెండోవాడు చచ్చిపోతాడు. పరీక్షకు రాసుకోండి.”

తలలు పుస్తకాల మీదికి వంగాయి. కొందరు రాసుకున్నారు కూడా.

మర్నాడు నేను నా క్లాసుకు రాతపని ఇచ్చి చెక్కకు చెవి ఆనించినంత పని చేశాను. అవతల హెడ్ మేడం కుర్చీ లాక్కున్న చప్పుడు, సూదులు తీసి పేజీలు తిప్పిన చప్పుడు. ఆయన గొంతు. చివరి పేజీ దగ్గర ఎవరో ఆవులిస్తారనీ, “మాకు తెలుసు సార్” అంటారనీ ఎదురుచూశాను. ఏమీ లేదు. నిశ్శబ్దం. అచ్చం నా నిశ్శబ్దం. ఆ తర్వాత ఎవరో ముక్కు చీదారు.

మధ్యాహ్నం వరండాలో ఆ సెక్షన్ రెండు జడల పిల్లను ఆపాను. “నిన్న నేను చెప్పేశానుగా. తెలీనట్టు కూర్చున్నారేంటి?”

“సార్‌కి ఆ పేజీ అంటే ప్రాణం టీచర్. బాధపడతారు కదా.” నన్ను ఓదారుస్తున్నట్టు చెప్పింది. “అయినా మీరు చెప్పక ముందే మాకు తెలుసులెండి. సూది తీసి చదివేసి, మళ్ళీ అదే చిల్లులో పెట్టేస్తాం. మా అక్క నేర్పింది. అక్క మీ దగ్గరే చదివింది. వాళ్ళూ అంతేనంట, మీ కోసం.”

నాకు తల కొట్టేసినట్టయింది. ఇరవై రెండేళ్ళు. ఏ ఏడాది నుంచి అని అడిగే ధైర్యం చాల్లేదు.

రెండ్రోజుల తర్వాత నా పాఠం. వెనక బెంచీలో హెడ్ మేడం. సూదులు తీయమన్నాను. ముప్పై ఆరుగురూ ఒద్దికగా తీశారు. ఒక్కొక్కరి మొహం చూశాను. ఏం జరుగుతుందోనన్న ఆత్రం, కళ్ళు పెద్దవి చేసుకోవడం, ముందు బెంచీ పిల్ల సరిగ్గా సమయానికి నోటిమీద చెయ్యి పెట్టుకోవడం. ఎంత బాగా చేస్తున్నారు! ఎంత కాలంగా చేస్తున్నారు! చివరి పేజీ సగంలో నాకు ఏడుపొచ్చేసింది. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ క్లాసులో ఏడవలేదు. పిల్లలు కంగారుపడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇది వాళ్ళు ముందే చదువుకున్నది కాదు. ఆ రోజు కింద కూర్చుందామన్న పిల్లాడు లేచి వచ్చి తన నీళ్ళ సీసా నా బల్లమీద పెట్టాడు.

గంట కొట్టాక హెడ్ మేడం నా భుజమ్మీద చెయ్యి వేశారు. ఆవిడ కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. “ఇన్నేళ్ళయినా ఆ పేజీకి ఏడుస్తున్నారు చూడండి. నవల మీదేనమ్మా, ఇంకెవరికీ ఇవ్వను.”

ఏడ్చింది పేజీకి కాదని చెప్పాలి. చెక్క అవతల కొత్త మాష్టారు హాజరు పిలుస్తున్నాడు. పిల్లలు “ప్రెజెంట్ సార్” అంటూ నవ్వుతున్నారు.

నేను చెప్పలేదు.