దువ్వెన చేప చెప్పని సాక్ష్యం

ఉప్పెన వచ్చి ముప్పై ఏళ్ళు నిండిన సంవత్సరం అది. దివిసీమ చివర ఉప్పునీటి మడుగులో దువ్వెన చేపలు వొంటినిండా పుళ్ళతో తేలడం మొదలుపెట్టాయి. చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల మురుగంతా అందులోకే వదిలేవాళ్ళు. అది చాలదన్నట్టు మడుగుని కూడా చెరువుల కిందకి ఇచ్చేస్తామని సర్కారువాళ్ళు విచారణ పెట్టారు. ఆ మడుగు చేపల మీదే బతికే సత్తయ్యకి వల వేసుకోను వేరే నీళ్ళు లేవు.

బందరు కాలేజీలో చేపల మీద పరిశోధన చేసే జెనిఫర్ వచ్చి చెప్పింది. "చేప వొంట్లో జన్యువులన్నీ ఒకేసారి పనిచెయ్యవు తాతగారూ. విషం తగిలితే కొన్ని మేలుకుంటాయి. మొప్పలు చూసి అవేవో పట్టుకోవచ్చు. విచారణలో ఆ కాయితం పెడదాం."

"అంటే చేపే సాక్ష్యం చెప్పుద్దన్నమాట," అంది సత్తయ్య పెళ్ళాం పోలమ్మ. "మా ఆయనకంటే నయం. ఈయన పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పలా."

సత్తయ్య చిరిగిన వల ముందుకు లాక్కుని ముడులేసుకుంటున్నాడు.

"ఆదివారం పొద్దున వస్తాను. మడుగు చేపలు పది కావాలి, బతికున్నవి," అని చెప్పి వెళ్ళింది జెనిఫర్.

శనివారం మధ్యాహ్నం సత్తయ్య మోకాటిలోతు బురదలో తిరిగి పది చేపలు పట్టాడు. అమ్మకానికైతే అట్లాగే తట్టలో పోసేవాడే. గౌరవమైన మనిషికిచ్చే చేపకి మాత్రం బురద వాసన ఉండకూడదు. వియ్యంకుడికిచ్చినా, డాక్టరుగారికిచ్చినా, ఒక రాత్రి మంచినీళ్ళ కాలవలో బుట్ట కట్టి ఉంచి ఇవ్వడం వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. సత్తయ్య అట్లాగే కట్టాడు.

ఆదివారం జెనిఫర్ ఐసు పెట్టెతో దిగింది. గిలగిల్లాడుతున్న చేపల్ని చూసి మురిసిపోయింది.

"మడుగులోవేగా తాతగారూ?"

"ఊఁ."

అబద్ధమేం కాదు. ఆమె మొప్పలు కోసి మందు సీసాల్లో వేసుకుని బస్సెక్కింది.

మూడు నెలలకి మళ్ళీ వచ్చింది. అరుగు మీద కూర్చుంది గానీ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

"విషం జాడ కనపళ్ళేదు తాతగారూ. ఉప్పు నీళ్ళ జాడా లేదు, కాలవలో బతికిన చేపలాగుంది. విచారణలో చెరువులవాళ్ళ వకీలు మన కాయితమే చదివాడు. మడుగు ఇచ్చేశారు."

"కాలవలోనేగా ఉంచింది!" అంది పోలమ్మ. "నీకిచ్చేవాటికి వాసనెందుకని రాత్రంతా కట్టి ఉంచాడమ్మా."

"ఒక్క రాత్రి చాలు మామ్మగారూ," అంది జెనిఫర్. "నీళ్ళు మారితే లోపల పనంతా మారిపోద్ది. తినడానికి కాదని నేనే చెప్పాల్సింది."

"పోనీ, మళ్ళీ పట్టిస్తేనో?"

"మళ్ళీ చేస్తే మళ్ళీ మూడు నెలలండీ. మడుగు తవ్వే పొక్లెయిన్ సోమవారమే వస్తోంది."

సత్తయ్య ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాడు.

"తప్పు నాదే తల్లీ," అన్నాడు. ఆ రోజుకి అంతే మాట.

మర్నాడు పొద్దున్నే మడుగులోకి దిగి, వల కట్టే గుంజలు ఒక్కొక్కటే పీకి ఒడ్డున పడేశాడు. కాళ్ళు కడుక్కుని, రొయ్యల చెరువు మేస్త్రీ దగ్గరికెళ్ళి కాపలా పనికి పేరు రాయించుకున్నాడు.