మసక మధ్య గింజ

"నొప్పేం లేదుగా మరి" అన్నాడు భర్త, మడతపెట్టిన బట్టల్లోంచి తువ్వాలు లాక్కుంటూ. దొంతర కాస్తా పక్కకి ఒరిగి కూలింది. ఆమె మళ్ళీ మొదటి నుంచి మడతపెట్టడం మొదలుపెట్టింది. తన ఊపిరితిత్తిలో మచ్చ మారిందని, ఆపరేషన్ చేయించుకోవాలని ఆమె చెప్పి ఇంకా చెంబెడు నీళ్ళు తాగేంత సేపు కూడా కాలేదు.

"నెమ్మదిగా పెరిగే రకమని నువ్వే అన్నావు. అమ్మ మోకాళ్ళ ఆపరేషన్ అయిపోనీ. ఆవిడ లేచి తిరిగితే అప్పుడు నీ పని చూద్దాం."

గిన్నెల దగ్గర నుంచి గోడ బూజు దాకా ఆ ఇంట్లో అన్నీ ఆమె పనులే. అయినా 'నీ పని' అని అతను నోరారా అన్నది మాత్రం దీన్నే.

ఆమె స్కాన్లు చదివే డాక్టరు. పొద్దంతా చీకటి గదిలో ముక్కూమొహం తెలియని వాళ్ళ ఛాతీలు చూస్తుంది. చూసీ చూసీ ఇద్దరు ఆమె బుర్రలో కాపురం పెట్టేశారు. ఒకరు ముసలి టైలరు. ఆయన మచ్చ అద్దం మీద ఊదిన ఆవిరిలా పలచటి మసక, వెనక ఉన్న రక్తనాళాలు కూడా కనిపించేంత పలచన. ఏళ్ళ తరబడి ఎన్నిసార్లు స్కాన్ తీసినా అలాగే ఉంది. రెండో ఆవిడ స్కూలు టీచరు. ఆవిడది చిన్నదే గానీ గట్టి మచ్చ, సున్నపు ముద్దలా తెల్లగా ఉంది. సూది పెట్టి చూస్తే పొలుసుల కణాల రకం క్యాన్సరని తేలింది. వైద్యం మొదలుపెట్టకుండా కొడుకు పరీక్షలని కొన్నాళ్ళు ఆగింది ఆవిడ. మళ్ళీ వచ్చేసరికి ఆ ముద్ద పక్కనున్న గాలి గొట్టాన్ని మింగేసింది. మచ్చ ఎలా కనిపిస్తోంది, ఏ రకం కణాలది అన్నదాన్ని బట్టే దాని నడక ఉంటుందని, మసకగా ఉన్నవి ఎక్కువగా నత్తనడకేనని, గట్టివాటిని నమ్మడానికి లేదని ఒకసారి భోజనాల దగ్గర ఇద్దరి గురించీ చెప్పింది. భర్తకి టైలరు గుర్తున్నాడు. టీచరు ఆమెకి మాత్రమే గుర్తుంది. ఆవిడ పోయి చాలాకాలమైనా, ఆ గదిలో దీపం ఆర్పి కూర్చుంటే వెనక కుర్చీలో ఎవరో ఊపిరి ఆపుకుని ఉన్నట్టే అనిపిస్తుంది.

తన మచ్చ దొరకడం కూడా వింతే. కొత్త మిషను వచ్చినప్పుడు, బొమ్మలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటానికి ఎవరైనా పడుకోవాలన్నాడు ఇంజనీరు. ఎవరైనా అంటే చాలు, లేచేది ఎప్పుడూ ఆమే. నవ్వుకుంటూ పడుకుంది. బొమ్మలు చక్కగా వచ్చాయి. కుడివైపు పైన మసక కూడా చక్కగా వచ్చింది. వేరే వాళ్ళదైతే కొన్ని నెలల్లో మళ్ళీ తీయించమని రాసేది. అప్పుడే మామగారు మంచాన పడ్డారు. "డాక్టరు కోడలు ఇంట్లో ఉండగా నర్సెందుకు?" అంది అత్తగారు, నలుగురూ వింటుండగా, మెచ్చుకుంటున్నట్టుగా. ఆ మెప్పుతోనే ఆమె ఆయన్ని పక్కకి తిప్పింది, పక్కబట్టలు మార్చింది, ఆయన పోయేదాకా తన ఛాతీ సంగతి ఎత్తలేదు.

మొన్న మళ్ళీ పడుకుంది. "పాతది పక్కన పెట్టనా మేడమ్?" అని అడిగింది స్కాన్ తీసే అమ్మాయి. పాతది పక్కన లేకుండా కొత్తది చదవకూడదన్నది ఆ గది నియమం. రెండూ పక్కపక్కనే వచ్చాయి. మసక అంచులు కొంచెమే జరిగాయి. ఇంట్లో వాళ్ళకి చూపిస్తే ఇంతేనా అంటారు. అడ్డంగా పావువంతు పెరిగితే చాలు, లోపల రెట్టింపైనట్టేనని వాళ్ళకెలా తెలుస్తుంది? ఆమెని భయపెట్టింది అది కూడా కాదు. మసక నడుమ తెల్లటి గింజ మొలిచింది. పాత బొమ్మలో అది లేదు. టైలరు దారి వదిలి టీచరు దారి పట్టడానికి సిద్ధమైన మచ్చ అది. ఆ సాయంత్రం నుంచి వంటింటి కిటికీ మీద ఆవిరి పడితే చాలు, మధ్యలో గింజ ఉందేమోనని వెతుకుతోంది. తుడిస్తే పోతుంది. మళ్ళీ పడుతుంది. ఏడుపు రాలేదు గానీ, తన కోసం తనకే భయమేయడం ఆమెకి కొత్త.

రాత్రి అన్నాలు వడ్డిస్తుంటే అత్తగారు అందుకుంది. "ఏ మాటకామాటే చెప్పుకోవాలి అమ్మాయ్. నాది ప్రాణం తోడేసే నొప్పి. నీకు అది ఉన్నట్టే తెలియదాయె."

"నాకు తెలుసు అత్తయ్యా. నేనే చూశాను" అంది ఆమె.

"ఆ టైలరుది ఏళ్ళ తరబడి అలాగే ఉందన్నావుగా" అన్నాడు భర్త, కూర వైపు చెయ్యి చాస్తూ.

"ఆయనది మసకేనండి. నాది ఇప్పుడు మసక ఒక్కటే కాదు."

"అది తేల్చాల్సింది ఆపరేషన్ డాక్టరు. నువ్వు మంచం ఎక్కితే అమ్మని ఎవరు చూస్తారు? రెండు మూడు నెలలేగా. ఆగు."

టీచరు కూడా ఇలాగే పళ్ళేల మధ్య నిలబడి ఉంటుంది, చేతిలో గరిటెతో. ఎవరో ఆగమని ఉంటారు, అరిచి కూడా ఉండరు, మామూలుగా, కూర అందుకుంటూ. ఆవిడ సరేనని ఉంటుంది. తను గరిటె గిన్నెలో పెట్టి, చెయ్యి కడుక్కుని, ఫోన్ తీసి అక్కడే, వాళ్ళ ఎదురుగానే, ఛాతీ ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరుకి కలిపింది. ఆయన పొద్దుటే స్కాన్ చూశాడు.

"ఆలస్యం చెయ్యకపోవడమే మంచిది మేడమ్. ఎల్లుండి థియేటర్ ఖాళీ ఉంది, రేపు చేరాలి" అన్నాడాయన. "ఇంట్లో వాళ్ళతో మాట్లాడారా?"

భర్త నోట్లో ముద్ద అలాగే ఉంది. అత్తగారు మోకాలి మీద చెయ్యి వేసుకుని ఆమె వంకే చూస్తోంది.

"మాట్లాడాను డాక్టరు గారూ. ఆగమన్నారు. రేపు నేనొక్కదాన్నే వస్తాను, చేర్చుకోండి."