గంప లేచాక వేటకెళ్ళిందెవరు?

గొడ్డలి దిగింది. మోకు తెగింది. పన్నెండో పడవ కూడా రేవు వదిలి, సముద్ర బోర్డు లాంచి వెనకాల ఖైదీలా నిలబడింది.

"ఇంకా తీర్పే రాలేదు కదరా! కోర్టు మధ్యాహ్నం కదా!" చేపలమ్మే పెద్దమ్మ లాఠీలకు ఎదురు నడిచింది. "తీర్పు మీ జేబులో పెట్టుకొచ్చారా ఏం?"

"మాకు ఆర్డరుందమ్మా, జరుగు."

"ఎవడిచ్చాడు ఆర్డరు? నీళ్ళలో కాలు పెడితే జలుబు చేసేవాడా?"

జనం నవ్వారు. ఆ నవ్వు ఏడుపుకి దగ్గరగా ఉంది. మిగిలిన పడవలు తీర్పు తర్వాత తీసుకెళ్తామని చెప్పి లాంచి వెళ్ళిపోయింది. తన పడవ మోకు రెండు చేతులా పట్టుకుని, దాన్ని నడిపే సరంగు నిలబడ్డాడు.

అప్పుడే అతని బావమరిది ఐసుపెట్టె మీదికెక్కాడు. సంఘం కార్యదర్శి. "హాల్లోకి రండి. లాయరమ్మ వచ్చింది" అన్నాడంతే. గొంతైనా పెంచలేదు. రేవంతా వెనకాలే నడిచింది.

సరంగు మోకుని చేతికి ఇంకో చుట్టు బిగించాడు. ఇరవయ్యేళ్ళు ఈ రేవులో అతను చెయ్యెత్తితే జనం ఆగేవాళ్ళు. చుక్కాని సరిగా పట్టడం రాని బక్కవెధవకి ఇప్పుడు అందరూ దారిస్తున్నారు. సొంత పెళ్ళాం కూడా.

"పదండి. తమ్ముడు పిలుస్తున్నాడు" అందామె.

"వినపడింది. నాకు చెవుడు లేదు."

గొడవంతా ఒక్క మాట దగ్గరుంది. ఈ నీళ్ళలో వేట ఎప్పుడు ఆపాలి, ఎవరు వల వెయ్యాలి అని చెప్పే అధికారం ఎవరిది? తీరంలోని సంఘాలదేనని పాత చట్టం. కాదు, రాజధానిలో కూర్చున్న బోర్డుదని కొత్త చట్టం. బోర్డు కుర్చీలో కూర్చుంటూనే పెద్ద ఓడలకు లైసెన్సులు పంచింది. సంఘం కోర్టుకెక్కింది.

తన అధికారానికి సంఘం చేతిలో ఉన్న సాక్ష్యం గంప. గుడ్లున్న చేప మొదట ఎవరి వలలో పడితే వాళ్ళు వెంటనే ఒడ్డుకొచ్చి, రేవులోని కర్రకు జెండాలా, బోర్లించిన గంప ఎగరేస్తారు. గంప లేచిందంటే నెలన్నర ఒక్క పడవా కదలదు. ఎందుకని ఎవరూ అడగరు. కట్టు తప్పినవాడి పడవ ఒక వేటకాలమంతా ఒడ్డున బోర్లా పడుకుంటుంది.

హాల్లో లాయరమ్మ ఒక ఫొటో పైకెత్తింది. నీలం పడవ, తలకు గుడ్డ చుట్టుకున్న ఒక మనిషి, అతని కాళ్ళ దగ్గర చేపలు, నీళ్ళలో వల. నంబరు మీద వల వేలాడుతోంది. రేవులో పడవలన్నీ నీలమే.

"కిందటి కాలం, గంప లేచిన మూడో రోజు తీసింది ఇది. మన కట్టు మనవాళ్ళే పాటించరని బోర్డు వాదన. జడ్జిగారు ఒకటే అడిగారు. తప్పినవాణ్ణి పట్టుకోలేని సంఘానికి అధికారమెందుకని. రెండింటికి కోర్టు. ఆలోగా వాడెవడో తేలాలి."

"తేల్తే?" అన్నారెవరో.

"తేలి, మీరు శిక్ష వేస్తే కట్టు బతికున్నట్టు. లేకపోతే ఈ నీళ్ళు బోర్డువి."

హాలు భగ్గుమంది. దక్షిణపు రేవువాళ్ళని ఉత్తరపు రేవువాళ్ళన్నారు. అప్పుల్లో ఉన్నవాళ్ళని లేనివాళ్ళన్నారు. కూలీలు సరంగులనే అనుమానించారు: "మాకు పడవలెక్కడివి, వెళ్ళడానికి!" రెండు కుర్చీలు విరిగాయి. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు లేచింది: "కిందటిసారి గంప ఎగరేసింది ఎవడు? కార్యదర్శే కదా! మనల్ని ఆపి తను వెళ్ళాడేమో! బోర్డు కొనేసిందేమో!"

సరంగు నాలుక మీద ఆ మాట బెల్లంలా కరిగింది. తిట్టండి, ఇంకా తిట్టండి అనుకున్నాడు. ఆ వెంటనే తల దించుకున్నాడు. ఫొటోలో ఉన్నది తనే మరి.

ప్రతి కాలంలోనూ మొదటి గుడ్డు సరంగు కంటికే కనబడేది. చేప పొట్ట మీద వేలు పెట్టి చెప్పేవాడు. కిందటి కాలంలో, సంఘం ఆఫీసుకి సెలవుపెట్టి సరదాగా వేటకొచ్చిన బావమరిది గంప ఎగరేశాడు. నాకు కనబడని గుడ్డు ఆ కళ్ళద్దాలవాడికి కనబడిందా? రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు తెల్లారుతుండగా ఒక్కడే వెళ్ళి వల వేశాడు, గుడ్లు లేవని రుజువు చేద్దామని. పడిన ప్రతి చేపా గుడ్లతో నిండుగా ఉంది. అన్నిటినీ మళ్ళీ నీళ్ళలో వదలసాగాడు, తిట్టుకుంటూ.

అప్పుడే తలెత్తి చూశాడు. మూసిన నీళ్ళలో, కూతవేటు దూరంలో ఒక పెద్ద ఓడ. వెనకాల ఊరంత వల లాగుతోంది. పైన రెయిలింగుకానుకుని తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి ఇతనికేసి ఫొటోలు తీస్తున్నాడు. తర్వాత ఆ మనిషిని కోర్టులో చూశాడు సరంగు. ఆ రోజు అక్కడ పెద్ద ఓడే లేదని, ఫొటో గస్తీ లాంచి మీదనుంచి తీశారని ప్రమాణం చేసి చెప్పాడు వాడు. ఇది అబద్ధమని ఈ తీరంలో తెలిసినవాడు సరంగు ఒక్కడే. చెప్పాలంటే, నువ్వక్కడ ఏం చేస్తున్నావని అడుగుతారు. బావమరిదే గెలిచాడని ఒప్పుకోవాలి. అది మాత్రం చచ్చినా చెప్పలేననుకుని ఆర్నెల్లు నోరు మూసుకున్నాడు.

"ఆగండి" అన్నాడు కార్యదర్శి. హాలు మళ్ళీ ఆగింది, దిక్కుమాలిన హాలు. "రెండింటిలోగా వాడు తేలడు. మనం కొట్టుకు చస్తాం, అంతే. నేనే వెళ్ళానని కోర్టులో చెప్తాను. నాకే శిక్ష వెయ్యండి."

"నీకు పడవే లేదు కదయ్యా!" అంది పెద్దమ్మ.

"అక్కావాళ్ళ పడవలో వెళ్ళానంటాను. బావ ఏమీ అనుకోడు."

పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇందాక తిట్టిన గొంతే "మా బంగారం" అంది. సరంగు భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

సరంగు పళ్ళు కొరుక్కున్నాడు. గుడ్డు వాడికే కనబడాలి. జనం వాడికే దారివ్వాలి. ఆఖరికి నా తప్పు కూడా వాడికే కావాలా? దాంతో కూడా వాడే గొప్పవాడైపోవాలా?

రెండింటికి కోర్టు హాలు కిక్కిరిసింది. కూర్చోడానికి చోటు లేక తడి కాళ్ళతోనే గోడల వెంట నిలబడ్డారు. ముందు వరసలో, తెల్ల టోపీ ఒళ్ళో పెట్టుకుని, ఆ ఫొటోలు తీసినవాడు కూర్చున్నాడు.

"ఫొటోలోని మనిషి తేలాడా?" జడ్జి అడిగాడు.

కార్యదర్శి లేచాడు. "తేలాడండీ. ఆ రోజు పడవ మీద ఉన్నది..."

"కూర్చోరా!"

కోర్టు అదిరింది. సరంగు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "వీడికి చుక్కాని పట్టడమే రాదండీ. ఒడ్డు దాటితే వాంతులు. వీడా వెళ్ళేది! వెళ్ళింది నేను."

"బావా!"

"నోర్మూసుకో. ఇదైనా నన్ను చెయ్యనీ."

"ఎందుకు వెళ్ళారు?" అన్నాడు జడ్జి.

సరంగు తలగుడ్డ విప్పి చేతిలో నలిపాడు. "కుళ్ళండీ. గంప వీడెగరేశాడని. వీడు చెప్పింది అబద్ధమని చూపిద్దామని వెళ్ళాను. గుడ్లున్నాయి. వీడే... వీడే కరెక్టు."

ఎవరూ నవ్వలేదు. నవ్వుంటే బాగుండేదనిపించింది అతనికి.

"మరి మీ సంఘం దీనికేం చేస్తుంది?" జడ్జి గోడల వెంట నిలబడ్డవాళ్ళను చూశాడు.

బోర్డు లాయరు నవ్వుతూ లేవబోయాడు. ఈలోపే సరంగు భార్య చెయ్యెత్తింది. ఆమె ముఖం రాయిలా ఉంది. "బోర్లా!" అంది. "మా పడవ ఈ కాలమంతా బోర్లా!"

"బోర్లా!" అంది పెద్దమ్మ. "బోర్లా!" అన్నారు కూలీలు, సరంగులు, రెండు రేవులవాళ్ళు. జడ్జి సుత్తి చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఆ నిమిషం ఆ హాల్లో సముద్రం మీద అధికారం ఎవరిదో అడగాల్సిన పని లేకపోయింది.

సరంగు తల వంచి శిక్ష తీసుకున్నాడు. మళ్ళీ తలెత్తాడు.

"నాకు పడాల్సింది పడింది. అయ్యా, ఆ ఫొటో ఒకసారి చూడండి. లాంచి మీదనుంచి తీస్తే పడవ అంచు అడ్డం రావాలి. అందులో పడవ అడుగున నా కాళ్ళూ, గుడ్ల చేపలూ కనబడుతున్నాయి. మూడంతస్తుల పైనుంచి తీశారది. ఆ పొద్దున మూసిన నీళ్ళలో వల లాగుతున్న పెద్ద ఓడ మీదనుంచి."

తెల్ల టోపీ ఒళ్ళోంచి జారింది. అతను తలుపుకేసి చూశాడు. తలుపు దగ్గర పెద్దమ్మ ఖాళీ గంప అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఓడలో ఎవరున్నారు?" జడ్జి ముందుకు వంగాడు. "చూశారా? గుర్తుపట్టగలరా?"

"చూశానండీ. నాలాంటి చిన్న దొంగకి ఒక కాలం బోర్లా. ఇంత పెద్ద దొంగకి మీరేం వేస్తారో మేమంతా ఇక్కడే నిలబడి చూస్తాం." సరంగు చెయ్యెత్తాడు. రేవులో ఎత్తినట్టే ఎత్తాడు. హాలంతా ఆ వేలు వెంట తెల్ల టోపీవాడికేసి తిరిగింది.

"వేట మూసే అధికారం తనదేనని ప్రమాణం చేసిన ఈ బోర్డు కమిషనరు!"