మందపాటి గాజు

పొద్దున్నే అక్క ఇస్త్రీపెట్టె అందుకుంటే చెల్లెలు మడతలకు కూర్చునేది. ఆ దుకాణంలో ఎన్నో ఏళ్ళుగా ఇద్దరి పనీ అలాగే సాగేది. ఈమధ్య వస్తున్న చొక్కాల్లో సగం వాటి మీద ఒకటే బొమ్మ: రెక్కలున్న పడవ. వాళ్ళ చిన్నప్పుడు టీవీలో వచ్చిన "గాలిపడవ" సీరియల్‌ని మళ్ళీ మొదటినుంచి వేస్తున్నారు. మీసాలు నెరిసినవాళ్ళు కూడా ఆ బొమ్మ తొడుక్కుని తిరుగుతున్నారు. బొమ్మ మీద పెట్టె తగిలితే అంటుకుపోతుంది కాబట్టి అలాంటి చొక్కాని తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి.

"పడవ రెక్క విరిగిన రోజు ఎంత ఏడ్చామో! గుర్తుందా అమ్మా?" అన్నాడు చొక్కాలు తెచ్చిన డ్రైవరు.

"గుర్తులేకేం," అంది చెల్లెలు. ఆమె అది చూడనేలేదు. అక్క తల ఎత్తలేదు.

ఎందుకో చెబుతాను. అప్పట్లో వీధికంతా ఒకటే టీవీ. ఆ ఇంటావిడను పిల్లలు టీవీ అత్తయ్య అనేవారు. ఒక సాయంత్రం అందరూ సీరియల్లో మునిగి ఉండగా, వెనక అలమర మీది గాజు హంస పడి పగిలింది. "చెల్లే!" అని వేలు చూపించింది అక్క. నిజానికి బిస్కెట్ల డబ్బా కోసం అలమర ఎక్కింది తనే. టీవీ అత్తయ్య చెల్లెల్ని అప్పుడే బయటికి పంపేసింది; ఆ పూటనుంచి ఆ గుమ్మం తొక్కనివ్వలేదు.

ఇక టీవీ సంగతి. అత్తయ్య ఇంట్లో ఇప్పటికీ ఆ పాత టీవీయే. అద్దం పని మీకు తెలిసిందే, ఎదురుగా ఉన్నదాన్ని చూపిస్తుంది. పాత టీవీల గాజు మందం, దాని బుద్ధీ మందమే. అప్పుడు చూసినదాన్ని ఇన్నేళ్ళకు చూపించడం మొదలుపెట్టింది. సీరియల్లో ఏ భాగం వస్తే, ఆనాడు ఆ భాగం చూసిన పిల్లలు తెర మీద నీడల్లా కనబడుతున్నారు. బట్టతల దర్జీ అయితే తన చిన్నప్పటి జుట్టు చూసుకోవడానికే రోజూ టీవీ అత్తయ్య ఇంటికి వస్తున్నాడు.

"ఆ ఒత్తు చూశారా!"

"చూశాంలేవోయ్, కూర్చో. వెనకవాళ్ళకి అడ్డం!"

ఒకనాడు టీవీ అత్తయ్యే దుకాణానికి వచ్చింది. "ఏమే చిన్నదానా, ఒక్క గాజుబొమ్మ కోసం నిన్ను ఇన్నేళ్ళు దూరం పెట్టాను. నా బుద్ధికేం తెగులో! ఇవాళ రెక్క విరిగే ఎపిసోడ్. వచ్చి చూడు."

చెల్లెలి మొహం విప్పారింది. అక్క చేతికింద చొక్కా కమురు వాసన కొట్టింది. హంస పగిలింది సరిగ్గా ఆ భాగంలోనే, రెక్క విరగబోయే ముందు.

"తలనొప్పిగా ఉందే, ఇంకోరోజు వెళ్దాం," అంది అక్క.

"నువ్వు పడుకో. నేను వెళ్తా."

అక్క కూడా వెళ్ళింది. వెళ్ళి ప్లగ్గు పక్కనే కూర్చుంది. పడవ తుఫానులోకి దూరింది. తెర మసకబారి, చిన్న గౌను ఒకటి అలమర వైపు కదలగానే ప్లగ్గు లాగేసింది.

పాపం, ఒక్క విషయం ఆమెకు తట్టలేదు. వెలుగు ఆరిన గాజులోనే నీడ బాగా తెలుస్తుంది. నల్లటి తెర మీద అంతా కనబడింది: అలమర ఎక్కిన అక్క, డబ్బాలో చెయ్యి, జారిన హంస, చాచిన వేలు. చెల్లెలు ఎక్కడో అవతల, గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని ఉంది.



"నా మోచెయ్యి తగిలిందనుకున్నాను," అంది చెల్లెలు తెరనే చూస్తూ. "నువ్వు చెప్పావుగా. నువ్వు చెప్పాక, తగిలినట్టే గుర్తొచ్చేది. అందుకే ఎవరి పసిపిల్లనీ ఎత్తుకోలేదు. పగిలేవీ కాలేవీ అన్నీ నీకే వదిలేశాను."

"ఒసే..." అంది అక్క.

"ఆ ప్లగ్గు పెట్టక్కా. నేను సీరియల్ చూడాలి."

ఆ వారంలోనే చెల్లెలు వీధి చివర అద్దాల దుకాణంలో పనికి కుదిరింది. గాజు పలకలు కోస్తోందట. ఒక్కటీ పగల్లేదట. అక్క ఇస్త్రీ చేసి, మడతలూ తనే పెట్టుకుంటోంది.

"మీ చెల్లెలు కనబడటం లేదేమండీ?" అని ఎవరైనా అడిగితే, "దాని చెయ్యి చాలా నిలకడండీ," అంటుంది.

అడిగినదానికి అది జవాబు కాదు. అయినా అడిగినవాళ్ళందరికీ అదే చెబుతోంది.