బండి ఎడమకి లాగుతోంది

"ఎడంపక్కకి లాగేస్తందే భవానీ, స్టీరింగు మాట ఇనదు" అని మా బావ నెల్లాళ్లుగా ఒకటే పోరు. బావంటే నా మొగుడు ఎల్లాజీ. సాలూరులో లారీ ఉన్న ఏ ఇంట్లోనైనా ఇదే వరస. మనిషికి జ్వరమొస్తే మాత్ర మింగి పడుకుంటాడు, బండి మూలిగితే మాత్రం నిద్రపోడు.

మా ఇంటి పక్కనే గంగులు మెకానిక్ షెడ్డు. ముందు చక్రాలు విప్పాడు, బేరింగులు మార్చాడు, చివరికి తనే తోలుకెళ్లి చూసొచ్చాడు. "వదినా, బండి సూటిగానే ఎల్తన్నాది. ఏటీ లేదు" అన్నాడు. బావ ఒంటికాలి మీద లేచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నేనూ ఎగతాళి చేశాను. శుక్రవారం బండికి గుమ్మడికాయతో దిష్టి తీసి కొట్టాం. మర్నాడే ఎడమవైపు అద్దం కరెంటు స్తంభానికి తగిలి విరిగింది.

మనిషిని అనుమానించాలని ఒక్కరికీ తోచలేదు. హుద్‌హుద్ తుఫానొచ్చిన ఏడాది ఆయన చిన్నపేగులో గడ్డ పుడితే విశాఖలో కోసి తీశారు. జిస్ట్ అనే క్యాన్సరన్నారు, చాలా అరుదట. మళ్లీ వస్తే కడుపులోనో, కాలేయంలోనో వస్తుందన్నారు. రోజూ మాత్ర వేసుకుంటున్నాడు, పొట్ట స్కానింగు మొన్న కూడా బాగానే వచ్చింది. ఆ సంబరంలో శ్రీకూర్మం వెళ్లి మొక్కు తీర్చుకొచ్చాను, పిచ్చిదాన్ని!

ఆ మధ్యాహ్నం అన్నం పెట్టాను. సిమెంటు లోడెత్తుకుని కొరాపుట్ ఘాటీ ఎక్కాలని ఆయన తొందరలో ఉన్నాడు.

"కూర ఎయ్యవేటే?" అని అరిచాడు.

"కంచంలో పెట్టుకుని ఏటా అరుపు? కనపళ్లేదా?"

"ఎక్కడే?" అంటూ వెతికాడు. అన్నం కుడివైపంతా తినేశాడు. ఎడమవైపు ముద్ద, వంకాయ కూర అలాగే ఉన్నాయి. ఆయన చూపు కంచం సగం దాకా వచ్చి ఆగిపోతోంది. చిరాకేసి కంచం అటుది ఇటు తిప్పాను. "ఇప్పుడేసినావు గదా" అని తినడం మొదలెట్టాడు.

ఓలమ్మా! లాగుతున్నది బండి కాదు. ఘాటీలో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఈ మనిషికి ఒక పక్కే లేదు.

"బావా, నీ కాళ్లు మొక్కుతాను, బండెక్కకు. గంగులు తోల్తాడు."

"నాకేటయినాదే? స్కానింగు బాగున్నాదన్నారు గదా!" అని విదిలించుకుని వెళ్లి బండెక్కాడు. నేను పరిగెత్తి బంపరుకి ఎడమవైపు చేతులు చాపి నిలబడ్డాను. "దిగు బావా!" అని గొంతు చించుకున్నాను.

ఆయన కుడివైపుకి తొంగిచూశాడు. "ఎక్కడున్నావే?" అన్నాడు. బండి కదిలింది. బంపరు నా నడుముకి తగిలింది, కింద పడ్డాను. గంగులు షెడ్డులోంచి దూకొచ్చి, మెట్టెక్కి తాళం తిప్పి ఇంజను ఆపకపోతే ఈ కథ చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు.

విశాఖలో తల స్కానింగు తీశారు. మెదడు కుడివైపు నిమ్మకాయంత గడ్డ. అటు దెబ్బతింటే ఎడమవైపు లోకం ఒకటుందనే మనిషికి తెలియదట. "పేగులోదే ఇక్కడికి పాకిందనుకుంటున్నాను, కోసి పరీక్షిస్తేగాని ఖాయం కాదు. ఆ రకం తలకెక్కడం నేను చదివానే గాని చూళ్లేదమ్మా" అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో తడబాటు విని నాకు ఇంకా భయమేసింది.

ఆపరేషనుకి తీసుకెళ్లే ముందు బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తన ప్రాణం గురించి అడుగుతాడనుకున్నాను.

"ఒసే, ఈ నెల్లాళ్లూ ఎడంపక్కని ఎవులైనా నడిసెల్తే... నాకు తెలీకుండా గుద్దీసుంటానేటే?"

"లేదు బావా. ఎవులికీ ఏటీ కాలేదు" అన్నాను. నాకేం తెలుసు! ఆయన తిరిగిన రోడ్లన్నీ నేను చూశానా?

"నా తలమీద సెయ్యేసి సెప్పు."

అబద్ధపు ఒట్టు ఎవరి తలమీద వేస్తే వాళ్లని తినేస్తుందంటారు మా వైపు. నేను ఆయనకి ఎడమవైపుకి జరిగాను. నా చెయ్యి నా తలమీదే పెట్టుకుని, "ఒట్టు బావా" అన్నాను.