టర్బో ఈల

షెడ్డుకు వచ్చేవాళ్ళందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అంటారు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడంటే బండి రోగం బయటపడాల్సిందే. ఇరవై ఆరేళ్ళుగా ఆ చెవి మీదే ఇల్లు నడుస్తోంది. భార్య మాట మాత్రం ఆ చెవికి ఎక్కదు.

అది వింతేమీ కాదనుకుంది ఆమె. పెళ్ళాం మాట వినపడలేదని మొగుణ్ణి ఎవరైనా డాక్టరుకు చూపిస్తారా? ఈ ఏడాది మరీ ముదిరింది. కుక్కరు చూస్తుండమని చెప్పి బయటికెళితే మూడుసార్లు మాడ్చాడు. వంటింటి గుమ్మంలోనే పేపరు చదువుకుంటూ, అది కూసిందా అని తననే అడిగాడు. కావాలనే చేస్తున్నాడని రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఆ సంగతీ ఆయన గమనించినట్టు లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె భోజనం క్యారేజీ పట్టుకెళ్ళేసరికి, మూడు రోజులుగా షెడ్డులో తిష్ఠ వేసిన పాత డీజిల్ కారు ఇంకా అక్కడే ఉంది. లెక్కల మాస్టారిది. ఎత్తు ఎక్కనంటోంది, నల్లపొగ కక్కుతోంది. ఇంజనులోకి గాలి నెట్టే టర్బో పోయిందని మేస్త్రీ మొదటిరోజే తేల్చేశాడు. తిరిగే టర్బో ఈల వేస్తుంది, ఇది వెయ్యడం లేదు. తీరా విప్పి చూస్తే ఇరుసులో ఊగులాట లేదు, ఫ్యాను నోటితో ఊదితేనే గిర్రున తిరిగింది. బిగించాడు. ఈల లేదు. మళ్ళీ విప్పాడు.

ఇప్పుడు మాస్టారి చేత యాక్సిలరేటర్ తొక్కించి మళ్ళీ చెవి పెట్టాడు. ఆమె క్యారేజీ బల్ల మీద పడేసి చెవులు మూసుకుంది.

"అబ్బ, ఆ ఈలేంటండీ, సూదులు గుచ్చినట్టు!"

మేస్త్రీ కళ్ళు తెరిచాడు. "ఏ ఈల?"

మళ్ళీ మొదలెట్టాడని ఆమె నవ్వబోయింది. ఆయన మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. తను తిట్టుకుంటూ తోమిన మాడు గిన్నెలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

ఎక్కణ్ణుంచి అని అడిగాడు. ఈల ఒకచోట, బుస్సుమని ఇంకోచోట అని వేలు పెట్టి చూపించింది. బుస్సన్న చోట, టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకెళ్ళే రబ్బరు గొట్టం కింద ఆయన అరచెయ్యి పోనిచ్చాడు. చీలికలోంచి గాలి చేతికి కొట్టింది. టర్బోకి ఏ రోగమూ లేదు.

గొట్టం మార్చాక కారు ఎత్తంతా ఎక్కి దిగింది. స్టీరింగు ముందు కూర్చుని ఆమె మాటలు వినని మాస్టారు, నీ చెవికి దణ్ణం పెట్టాలోయ్ అని మేస్త్రీని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రీ క్యారేజీ విప్పలేదు. "ఎన్నాళ్ళయింది?" అని ఆమెనే అడిగాడు.

"కుక్కరు మొదటిసారి మాడినప్పట్నుంచేమో. నన్ను లెక్కచెయ్యట్లేదనుకున్నా."

"ఇంట్లో చప్పుడు లేకపోతే నువ్వే అలిగావనుకున్నాను," అన్నాడు. "ఏడాది నుంచీ."

ఇంతలో ఇంకో కారొచ్చి ఆగింది. డ్రైవరు బానెట్ ఎత్తి, ఏదో కీచుమంటోంది, ఓసారి చెవి పెట్టమన్నాడు. మేస్త్రీ పిడి చెవికి ఆనించుకున్నాడు. ఆయన కళ్ళు ఎప్పుడు మూసుకుంటాడా అని ఆమె చూసింది.

మూసుకోలేదు. ఆమెనే చూస్తున్నాడు.

ఇంజనులోంచి పది రకాల చప్పుళ్ళు వస్తున్నాయి. అందులో రోగమేదో ఆమెకేం తెలుసు? తలూపాలో అక్కర్లేదో తోచక, క్యారేజీ గిన్నెలు విప్పి మళ్ళీ సర్దింది.