చెడిపోయిన వాన

నా గొంతు పోయింది గానీ నోరు తగ్గలేదు. ఆపరేషన్ చేసిన డాక్టరు "ఇక మాట రాదమ్మా" అన్నప్పుడు మా ఆయన ఏడ్చాడు, నేను మాత్రం ఆ డాక్టరుని కళ్లతోనే కడిగేశాను. ఇప్పుడు నా చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు గరిటె ఉంటుంది. బల్ల మీద ఒకసారి కొడితే "ఇలా రా" అని. రెండుసార్లు కొడితే "చాల్లే సంబడం" అని. అంతకుమించి చెప్పాలంటే ఫోనులో టైపు చేసి మొహమ్మీద పెడతాను.

మా ఆయనది శబ్దాలు పట్టే పని. నిద్రపట్టని వాళ్ల కోసం వానలూ, గాలీ, దూరంగా పోయే రైలూ రికార్డు చేస్తాడు. మా కోడలు వాటిని యాప్‌లో పెట్టి అమ్ముతుంది. మామా కోడళ్ల కంపెనీ అన్నమాట. ఇద్దరికీ టీ ఇవ్వడం, ఇద్దర్నీ తిట్టడం నా ఉద్యోగం.

ఇన్నేళ్లు మైకు పట్టుకు తిరిగిన మనిషి, పెళ్లాం గొంతు ఒక్కసారైనా పట్టాడా? అబ్బే! వీడియోలన్నా లేవు, కెమెరా కనపడితే నేను పక్కకి తప్పుకునే రకం. పొరపాటున ఒకే ఒక్కసారి పడింది. వెనక వరండా రేకుల మీద వాన పడుతుంటే ఈయన మైకు పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఈ లోకంతో పని లేనట్టు కూచున్నాడు. తీగ మీద బట్టలన్నీ తడిసిపోతున్నాయి. నాకు ఒళ్లు మండి అరిచాను. "బంగారంలాంటి వాన చెడగొట్టావు కదే" అని చాలా రోజులు సణిగాడు.

ఇప్పుడు ఈ భూమ్మీద నా గొంతు ఉన్నది ఆ చెడిపోయిన వానలోనే. రోజూ భోజనమయ్యాక ఈయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఏదో వాన వింటున్నాడని నేను అనుకోవాలట. కాసేపటికి పెదాలు వణికి, ఆ తర్వాత నిద్రలోకి జారిపోతాడు. ఏం వింటున్నాడో నాకు తెలీదా? నాకూ వినాలనే ఉంది. అడగడానికి భయం. వింటే ఏడుపొస్తుంది, ఏడిస్తే చప్పుడు రాదు.

ఇంతలో కోడలికి సర్దుడు పిచ్చి పట్టుకుంది. గిట్ అని ఏదో ఉందట, చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకుని వేరేచోట ఒక ప్రతి దాచిపెడుతుందట. ఈయన అందులోకి చేతికందిందల్లా తోసేవాడు. కరెంటు బిల్లు ఫొటోలు, సగం చూసిన సినిమాలు, తన పంటి ఎక్స్‌రే. చోటంతా నిండిపోయింది. పిల్ల పాతదంతా తీసేసి కొత్తగా మొదలుపెట్టి, వేటిని పట్టించుకోకూడదో చెప్పే ఫైలు ఒకటి రాసింది. మొదటి వరసలో నక్షత్రం గుర్తు. అంటే ఏదీ వద్దు అని. దాని కింద, ధ్వని ఫైళ్లు రావచ్చు, వాటి వివరాలు రాసిన ఫైళ్లు రావచ్చు అని.

"చూడండి అత్తయ్యా, ఇక మావయ్య ఏం పడేసినా ఇది పట్టించుకోదు" అంది గర్వంగా.

"పట్టించుకోకపోవడానికి ఫైలెందుకు, మీ మావయ్యని అడిగితే నేర్పేవాడుగా" అని టైపు చేసి చూపించాను. పడీ పడీ నవ్వింది.

ఆ ఊపులోనే శబ్దాలన్నిటికీ ఫోల్డర్లు చేసింది. సన్నవానకి ఒకటి, జోరువానకి ఒకటి, రైళ్లకి ఒకటి. ఇల్లు సర్దినట్టే సర్దింది. నాకూ ముచ్చటేసింది.

ముసురు పట్టిన రోజు ఈయన కంప్యూటరు చచ్చిపోయింది. రిపేరు షాపతను డిస్కు చేతిలో తిప్పి చూసి పెదవి విరిచాడు. "కంగారేం లేదు మావయ్యా, అన్నీ గిట్‌లో ఉన్నాయి" అని కోడలు కొత్త కంప్యూటరు తెచ్చి దించుకోవడం మొదలుపెట్టింది. నేను టీ గ్లాసు కింద పెట్టేలోపు అయిపోయింది.

"అప్పుడే?" అన్నాడు ఈయన.

ఫోల్డర్లు లేవు. ఒక్కటీ లేదు. తెర మీద, పైన మాత్రం అంకెల పేర్లతో నాలుగైదు ఫైళ్లు పడున్నాయి, ఎవరూ వాటి వంక చూడలేదు. పిల్ల ఆ నక్షత్రం ఫైలు తెరిచింది. తను రాసిన వరసలు మళ్లీ మళ్లీ చదువుకుంది. "ఏదీ వద్దు అన్నాను కదా మావయ్యా... అది ఫోల్డర్లనీ వద్దనుకుంది. తలుపు మూసిన గదిలోకి అది తొంగి కూడా చూడదు. లోపల మనకి కావలసినవి ఉన్నా సరే. ఫోల్డర్లు తెరిచి చూడమని ఇంకో వరస రాయాలి. నేను రాయలేదు."

అమ్మిన వానలు జనం ఫోన్లలో ఉన్నాయి, ఆ బెంగ లేదు. కానీ ఈయన నేలమీద చతికిలబడ్డాడు.

"దాని గొంతు అందులోనే ఉందమ్మా. నా దగ్గరున్నది అదొక్కటే" అన్నాడు.

నా ఎదురుగానే అనేశాడు, ఇన్నాళ్లూ దాచుకున్న మనిషి. కోడల్ని నాలుగు దులిపేద్దామని గరిటె ఎత్తాను. ఆ పిల్ల వెక్కిళ్లు పెడుతోంది. ఎవర్ని తిట్టను? గరిటె దించి, వెనక గదిలోకి పోయి పడుకున్నాను.

ముసురు మధ్యాహ్నం నిద్ర మనిషిని ఎక్కడికో తీసుకుపోతుంది. పొడుగాటి వరండా. రెండువైపులా గదులు. ప్రతి తలుపు వెనకా ఒక వాన కురుస్తోంది. టోపీ మీద నక్షత్రమున్న వాచ్‌మన్ ఒకడు మెల్లగా నడుస్తూ, "గొంతున్నవాళ్లు రావచ్చు" అని పిలుస్తున్నాడు. నేను గది లోపలున్నాను. నాకు గొంతుంది, ఆ గదిలో ఉంది. "ఇదిగో, ఇక్కడ" అంటున్నాను, నాకు వినబడుతోంది కూడా. అతను మంచివాడే. నవ్వుమొహంతోనే నా తలుపు దాటి వెళ్లిపోయాడు. వాననీళ్లు పాదాల దాకా వచ్చాయి, గోరువెచ్చగా ఉన్నాయి. భయం వెయ్యలేదు. దిగులేసింది.

"అత్తయ్యా, అత్తయ్యా, లేవండి!"

కోడలు నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఈయన ఇంకా నేలమీదే ఉన్నాడు.

"పైనున్న ఫైళ్లు చూడండి. అవి పాడైన రికార్డింగులు. మధ్యలో దగ్గులూ, హారన్లూ పడ్డవి. ఏ ఫోల్డర్లోనూ పెట్టబుద్ధి కాలేదు, గుమ్మంలోనే వదిలేశాను. గదుల్లో సర్దినవన్నీ పోయాయి, ఇవి మిగిలాయి" అంటూ ఒకటి నొక్కింది.

రేకుల మీద వాన. బయటా సన్నగా పడుతోంది. ఏది ఏదో తెలీలేదు. నేను గోడకి ఆనుకున్నాను.

"ఏమండీ!"

అమ్మో, ఎంత పెద్ద గొంతు! నాదేనా అది?

"ఏమండీ, బట్టలు తడిసిపోతున్నాయి, వినబడుతోందా? చెవులకున్నవి తీసి అవతల పారెయ్యండి! ఒక్కదాన్నే ఎన్నని తియ్యను? ఏమండీ!"

ఆ తర్వాత ఉత్త వాన. ఆ రోజు ఈయన పలకలేదు. పలికితే రికార్డింగు మరీ పాడవుతుందని ఊపిరి బిగబట్టి కూచున్నాడు. అందుకే అంత కోపం వచ్చింది నాకు.

ఈయన దిగ్గున లేచాడు.

"వస్తున్నా! వస్తున్నానే!"

పెరట్లోకి పరిగెత్తాడు. నిజంగానే తీగ మీద బట్టలున్నాయి, ఈ గొడవలో ఎవరికి గుర్తుంది? లోపల స్పీకర్లో నేను ఇంకోసారి అరిచాను, బయట్నుంచి ఆయన ఇంకోసారి పలికాడు. కోడలు మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో.

తడిబట్టలన్నీ గుండెకి హత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నీళ్లు కారి గచ్చంతా పాడవుతోంది. ఇంకో రోజైతే గరిటె రెండుసార్లు మోగేది.

ఒక్కసారే కొట్టాను.